ఊపిరి లెక్క

సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం. తెలుగులో అది అక్షరమైత్రి. ఈ భేదాన్ని ముప్పై ఏళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాను. అయితే విరామం విలువ ఏమిటో నాకు తెలియజెప్పింది మాత్రం మా అమ్మ.

అమ్మది రేపల్లె. నలభై ఏళ్లు కట్టెలపొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో నిప్పు రాజేసింది. 1999లో దీపం పథకం వచ్చి పేదల ఇళ్లలో గ్యాసుపొయ్యిలు వెలిగే నాటికే ఆ పొగ ఆమె ఊపిరితిత్తులను దెబ్బతీసింది. చుట్ట, బీడీ ఎరుగని మనిషికి ఈ జబ్బేమిటని ఆశ్చర్యపోయాను. దీర్ఘకాలిక శ్వాసావరోధ వ్యాధికి పొగాకుతోపాటు కట్టెల పొగ, పిడకల పొగ కూడా కారణాలేనని వైద్యులు వివరించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ఈ వ్యాధితో 32 లక్షల మందికి పైగా మరణించారు. దెబ్బతిన్న ఊపిరితిత్తులు పూర్వస్థితికి రావు. మిగిలిన శక్తిని కాపాడుకోవడమే మార్గం.

అమ్మను తెనాలికి తీసుకువచ్చి, మంచం దిగనీయకుండా చూసుకున్నాను. అదే సేవ అనుకున్నాను. ఆరు నెలలకు ఆమె కాళ్లు సన్నబడ్డాయి. పెరటిలోకి వెళ్లివచ్చినా ఆయాసపడేది.

"కదలకపోతే కండరాలు క్షీణిస్తాయి. అప్పుడు చిన్న పనికే ఆయాసం పెరుగుతుంది. ఆమె పనులు మీరు చేయడం కాదు, ఆమెను చేసుకోనివ్వండి" అన్నారు వైద్యులు.

అమ్మ శ్రద్ధగా నేర్చుకుంది. ముక్కుతో గాలి పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, నెమ్మదిగా వదిలేది. ఇన్‌హేలర్ మందు పీల్చి, పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టేది. రోజూ వీధి చివరి వేపచెట్టు దాకా నడిచేది. కఫం రంగు మారితే నోటుపుస్తకంలో రాసుకునేది. తనదైన కొలమానం మరొకటి కనిపెట్టింది. గజేంద్రమోక్షంలోని కందపద్యం రెండు ఊపిరులలో పూర్తయితే అది మంచిరోజు. నాలుగుచోట్ల ఆగవలసివస్తే, మర్నాటి దాకా ఆగక ఆనాడే వైద్యులకు కబురు చేయించేది.

ఏడాది తరువాత బాపట్లలో మా చెల్లెలి కూతురి వివాహం. తెనాలి స్టేషనులో వంతెన మెట్లు చూసి నాకు గుండె జారింది.

"వద్దమ్మా, వెనక్కి వెళదాం" అన్నాను.

"పద్యం చదివినట్టే ఎక్కుతాను నాయనా, పాదానికొకసారి ఆగుతాను" అంది.

నాలుగు మెట్లు ఎక్కి ఆగేది. గాలి వదిలి, మళ్లీ నాలుగు. జనం మమ్మల్ని దాటుకొని పోతున్నారు. ఆమె తొందరపడలేదు. నేను చేయి అందించాను. ఆ చేతిలో తన సంచి పెట్టి, ముందుకు సాగింది.

రోగిని మోయడమొక్కటే సేవ కాదు. ఆమె నడకకు అడ్డురాకుండా, ఆమె బరువును కొంత పంచుకోవడం కూడా సేవేనని ఆ మెట్ల మీద నేర్చుకున్నాను.