డోలీ ముందు కదలాలి

మా కొండ మీద చూలాలి కాళ్లు వాస్తే 'నీరు పట్టింది, కాన్పయితే పోతుంది' అనేవాళ్లం. మూర్ఛ వస్తే గాలి సోకిందని ఎజ్జోణ్ణి పిలిచేవాళ్లం. మా వదినకు ఎనిమిదో నెలలో తలపోటు వచ్చింది, కళ్లు మసకబారాయి. మేం పూజకే పరుగెత్తాం. తెల్లారేసరికి మూర్ఛ. డోలీ కట్టి దించాం. వదిన బతికింది, బిడ్డ దక్కలేదు.

అది గాలి కాదు, గుర్రపువాతం అని డాక్టరమ్మ చెప్పింది. మాయకు రక్తం సరిగా అందకపోతే, అది రక్తనాళాలకు కీడుచేసే ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1ను తల్లి రక్తంలోకి ఎక్కువగా వదులుతుందట. మేలుచేసే పీఎల్‌జీఎఫ్ తగ్గిపోతుందట. అనుమానమున్న తల్లికి రక్తపరీక్ష చేసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 38 లోపు వస్తే, ఆ వారానికి ముప్పు దాదాపు లేనట్టే. ఆ పరీక్ష పట్నం ల్యాబుల్లో ఉంది. మా కొండకు ఇంకా ఎక్కలేదు.

అందాకా మనకున్నవి బీపీ మిషను, మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్పు. ఐదో నెల దాటాక బీపీ 140/90కి చేరినా, తలపోటు వదలకపోయినా, చూపు మసకబారినా, పైకడుపులో నొప్పి వచ్చినా ఆగొద్దు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మాస్టార్లూ! ఈ నాలుగు గుర్తులూ మన భాషలో ఇంటింటా చెబుదాం. మొక్కు తర్వాతైనా తీర్చుకోవచ్చు. డోలీ ముందు కదలాలి.