నేనేం ముట్టుకోలేదురా అబ్బయ్యా!

సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు మన ఐటీ జనాలు మోసుకెళ్ళే సామాన్లు మారిపోయాయి. ఒకప్పుడు అమ్మకో చీర, ఓ స్వీటు పాకెట్టు. ఇప్పుడు వాటితో పాటు రెండు స్మార్ట్ ప్లగ్గులు, నాలుగు బల్బులు, వరండాలోకి ఓ కెమెరా. పెద్దవాళ్ళిద్దరే ఊళ్ళో ఉంటారు కదా, బెంగళూరులోనో డాలస్ లోనో కూర్చుని ఓ కన్నేసి ఉంచొచ్చని మన ఆలోచన. ఆలోచన మంచిదే. కాకపోతే పండగ మూడు రోజుల్లో సగం ఆ పరికరం వైఫైకి ఎందుకు కనెక్ట్ కావట్లేదో తేల్చడానికే సరిపోతుంది. అరిసెలు చల్లారిపోతాయి, యాప్ లో చక్రం మాత్రం తిరుగుతూనే ఉంటుంది :)

మాది నెల్లూరు జిల్లా, మైపాడు దగ్గర. మా ఇంట్లోనూ, చుట్టుపక్కల ఇళ్ళల్లోనూ ఈ పంచాయితీలు చాలానే తీర్చాను. ముందు రోగాల గురించి చెప్పి, తర్వాత నా అభిప్రాయం చెప్తాను.

మొదటి రోగం 2.4 గిగాహెర్ట్జ్. చవక ప్లగ్గులూ బల్బుల లోపల చాలావాటిలో ఉండేది ఎస్ప్రెసిఫ్ వాళ్ళ ఈఎస్పీ8266 చిప్పో, దాని చుట్టాలో. 2014లో వచ్చిన ఆ చిప్పుకి 5 గిగాహెర్ట్జ్ వినపడదు. మన ఫోనేమో రౌటర్ పక్కనుంటే 5 మీదికే పోతుంది. పైగా ఈ మధ్య రౌటర్లు రెండింటికీ ఒకటే పేరు పెట్టి కూర్చుంటాయి. ఇందులో తమాషా ఏంటంటే, కొన్ని యాప్ లు పాస్ వర్డ్ ని గాల్లో పంపే పాకెట్ల పొడవుల్లో దాచి పంపుతాయి. ప్లగ్గు ఆ పొడవులు లెక్కపెట్టుకుని పాస్ వర్డ్ కనుక్కోవాలి. ఫోను 5లో మాట్లాడితే 2.4లో చెవులు పెట్టుకున్న ప్లగ్గుకి ఏం వినపడుతుంది? సెటప్ అయ్యేదాకా రౌటర్లో 5ని ఆపెయ్యండి, లేదా రెండింటికీ వేరువేరు పేర్లు పెట్టండి.

రెండోది, ప్లగ్గు తనే ఓ చిన్న హాట్ స్పాట్ పెట్టి ఫోనుని రమ్మనే పద్ధతి. ఫోను దానికి కనెక్ట్ అవుతుంది గానీ, ఇందులో ఇంటర్నెట్ లేదే అనుకుని తెలివిగా మొబైల్ డేటా మీదికి దూకేస్తుంది. ఆ కాసేపు డేటా ఆపేస్తే సరిపోతుంది. ఆండ్రాయిడ్ లో అయితే లొకేషన్ కూడా ఆన్ లో ఉండాలి. చుట్టూ ఉన్న వైఫై పేర్లని బట్టి మనం ఎక్కడున్నామో తెలిసిపోతుంది కాబట్టి, 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచీ ఆ పేర్లు చూడాలంటే లొకేషన్ పర్మిషన్ అడుగుతున్నారు. బల్బు వెలగడానికి నా అడ్రసెందుకని పెద్దవాళ్ళు 'వద్దు' నొక్కేస్తారు. అడగాల్సిన ప్రశ్నే!

మూడోది అమెరికా సరుకు. అక్కడి ప్లగ్గులు 120 వోల్టులవి, ఇక్కడి 230కి పెడితే కాలిపోతాయి, కాబట్టి ఎవరూ తేరు. కెమెరా మాత్రం తెస్తారు, దాని అడాప్టర్ ఎక్కడైనా పనిచేస్తుంది కాబట్టి. అయితే ఇండియాలో 2.4లో 1 నుంచి 13 దాకా చానెళ్ళు వాడొచ్చు. అమెరికా కోసం చేసిన వస్తువులు మామూలుగా 11 దగ్గరే ఆగిపోతాయి. మన రౌటర్ 'ఆటో'లో ఉండి 13కి పోయిందనుకోండి, ఫోనుకి నిండుగా సిగ్నల్, కెమెరాకి శూన్యం. రౌటర్ ని 1, 6, 11లలో ఏదో ఒకదానికి కట్టేయండి.

ఇంకా చిన్నవి ఉన్నాయి. రౌటర్లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత పరికరాలు లోపలికి రాలేవు, డబ్ల్యూపీఏ2 కూడా ఉంచాలి. గెస్ట్ నెట్ వర్క్ లో పెడితే ఫోనూ బల్బూ ఒకదాన్నొకటి చూసుకోలేకపోవచ్చు. రౌటర్ మారిస్తే కొత్తదానికి పాత పేరూ పాత పాస్ వర్డే పెట్టండి, మామూలుగా అన్నీ వాటంతటవే వచ్చి చేరతాయి.

ఇవన్నీ చేశాక కనెక్ట్ అవుతుంది. మనం బస్సెక్కుతాం. అసలు కథ అప్పుడు మొదలవుతుంది.

మా కోస్తాలో ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, ఇక ప్లగ్గుల్లో కాంటాక్టులెంత? 2017 డిసెంబరులో మొదలైన ఏపీ ఫైబర్ నెట్ కేబుల్ ని ఎక్కువభాగం కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. తక్కువ ఖర్చులో ఊరూరికీ ఇంటర్నెట్ తేవడానికి మంచి ఉపాయం. కానీ గాలివానకి స్తంభం ఒరిగితే కరెంటూ నెట్టూ కలిసే పోతాయి. 2021 నవంబరులో పెన్న వరదకి పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే దెబ్బతిన్నాయి. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను మా తీరం వెంబడే పోయి బాపట్ల దగ్గర ఒడ్డెక్కింది. అంత పెద్దవి అక్కర్లేదు, మామూలు కరెంటు కోత చాలు. కరెంటు రాగానే ప్లగ్గు క్షణాల్లో లేస్తుంది, రౌటర్ లేవడానికి నిమిషాలు పడుతుంది. కొన్ని ప్లగ్గులు నాలుగుసార్లు వెతికి, ఎర్రలైటు మిణుకుమిణుకుమంటూ అలిగి కూర్చుంటాయి.

అప్పుడు ఫోనొస్తుంది. "నేనేం ముట్టుకోలేదురా అబ్బయ్యా, అదే ఎర్రగా కొట్టుకుంటా ఉండాది" అని.

నాకు ఒళ్ళు మండేది ఆ మొదటి ముక్క దగ్గరే. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటిని నడిపిన మనిషి, తన ఇంట్లో తన ఫ్యాను ఆగిపోతే సంజాయిషీ ఎందుకు ఇచ్చుకోవాలి? యాప్ ఏమో 'ఏదో పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి' అంటుంది. ఎవరి పొరపాటు? చెప్పదు. చెప్పకపోతే వాడేవాళ్ళు అది తమదే అనుకుంటారు. నెట్టు ఎప్పుడూ ఉంటుందనీ, కరెంటు పోదనీ ఎక్కడో కూర్చుని ఊహించుకున్నవాళ్ళ తప్పుని మా అమ్మ మొయ్యాల్సొస్తోంది.

మరి మా ఊరివాళ్ళకి టెక్నాలజీ రాదా? రొయ్యల గుంటల దగ్గరికి రండి, చూపిస్తా. పగలు నీళ్ళలోని నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదీ పీల్చుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ టైములో ఏరేటర్లు ఆగితే పంటే పోతుంది. అందుకే రైతులు సిమ్ కార్డు వేసిన మొబైల్ స్టార్టర్లు పెట్టుకుంటారు. కరెంటు పోయినా, వచ్చినా, ఒక ఫేజు పోయినా ఫోనుకి కబురొస్తుంది. విజయవాడలో 2012లో మొదలైన ఏరువాక టెక్నాలజీస్ వాళ్ళు గుంటలో ఆక్సిజన్ కొలిచి ఫోనుకి పంపే పరికరాలే చేశారు. స్మార్ట్ ఫోను కూడా లేని రైతు స్టార్టర్ కి కాల్ చేసి మోటారు ఆపుతాడు. ఎందుకు కుదిరింది? కరెంటు పోతుందని ముందే ఒప్పుకుని చేశారు కాబట్టి. సిగ్నల్ లేకపోయినా డబ్బా మీద పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉంటాయి కాబట్టి. కావలివాడు లేచి నొక్కితే చాలు.

ఇది పల్లెటూరి గోల అనుకోకండి. 2016 మేలో గూగుల్ కుటుంబంలోని నెస్ట్, రివాల్వ్ అనే హబ్ కి సర్వర్లు ఆపేస్తే కొనుక్కున్న డబ్బాలు పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్ లో అమెరికాలో ఇన్‌స్టియాన్ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయి యాప్ లు మూగబోయాయి. ఆ ఇళ్ళల్లో అప్పుడు కూడా పనిచేసినవేంటో తెలుసా? గోడ మీద చేత్తో నొక్కే స్విచ్చులు!

కాబట్టి నా లెక్క ఇది. గోడ మీది స్విచ్చు పనిచేస్తూనే ఉండాలి, వైఫై దానికి అదనం మాత్రమే కావాలి. ఇంటర్నెట్ లేకపోయినా ఇంట్లోనే మాట్లాడుకునేవి కొనాలి. 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ ప్రమాణం ఉద్దేశం అదే, సొంతంగా ప్రోగ్రామ్ ఎక్కించుకునేవాళ్ళకి టాస్మోటా ఉండనే ఉంది. రౌటర్ కీ, ఫైబర్ డబ్బాకీ ఓ చిన్న యూపీఎస్ పెడితే సగం గొడవ తగ్గుతుంది. కెమెరా పెట్టేముందు అందులో కనిపించబోయేవాళ్ళని అడగాలి. దాన్ని ఎలా ఆపాలో కూడా వాళ్ళకే ముందు నేర్పాలి.

పరికరం కొనేటప్పుడు నేనిప్పుడు ఒక్కటే పరీక్ష పెడుతున్నా. నెట్టు తీసేసి, యాప్ లేకుండా, మా అమ్మ దాన్ని ఆన్ చేసి ఆఫ్ చెయ్యగలదా? చెయ్యగలిగితే అది స్మార్ట్. లేకపోతే మా అమ్మ ఇంట్లో దానికి చోటు లేదు. మీ ఇళ్ళల్లో ఉన్నవాటిలో ఎన్ని పాసవుతాయో ఓసారి రౌటర్ ఆపేసి చూడండి.