శరణాగత శునకం

రాజమహేంద్రవరంలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుని గృహాంగణంలో ఒక శునకం ఉన్నది. గత శ్రావణంలో మురుగుకాలువ ప్రక్కన పడి ఉన్న ఆ కూనను ఆయన ధర్మపత్ని కొంగున చుట్టి తెచ్చారు. డిస్టెంపర్ వ్యాధి. ప్రాణం దక్కినది కాని, వైరస్ అప్పటికే నాడీమండలాన్ని చేరినది. వెనుక ఎడమకాలు క్షణక్షణం ఎగిరిపడుతుంది, నిద్రలోనూ ఆగదు. పైగా నెలకు రెండు మూడు పర్యాయములు మూర్ఛ. ఫినోబార్బిటోన్ మాత్ర ఉదయసాయంకాలాలు నియతవేళకు పడవలసినదే. అకస్మాత్తుగా మానితే మూర్ఛలు మరింత తీవ్రమౌతాయి. సంధ్యావందనం ఒక గడియ జరిగితే ప్రాయశ్చిత్తార్ఘ్యం ఉన్నది, ఈ మాత్రకు అదియు లేదు.

ఇంతలో కోడలి పురుడు. ఆరు నెలలు వచ్చి ఉండమని విదేశమునుండి కుమారుని పిలుపు. ఇట్టి రోగిని చేర్చుకొనలేమని ఆశ్రయాలు చెప్పివేసినవి. పశువైద్యుడు దాచలేదు: "ఆ కాలు బాగుపడదు మాస్టారూ. బాధ భరించలేని స్థితి వస్తే నిద్రపుచ్చడం తప్పు కాదు. ఈ రోజుకైతే నేను ఆ మాట అనను."

శునకాన్ని విడిచి స్వర్గం వద్దన్న ధర్మజుని కథ ఎవరెరుగరు? ప్రవచనాలు సాధారణంగా అక్కడే ఆగుతాయి. మహాప్రస్థానిక పర్వం ఆగదు. తమ్ములను, ద్రౌపదిని త్రోవలో విడిచిన నీకు కుక్కపై ఇంత పట్టుదల ఏల అని ఇంద్రుడు నిలదీశాడు. మృతులను బ్రతికించడం తన వశం కాదని, జీవించి ఉండగా వారిని విడువలేదని ధర్మజుడు బదులిచ్చాడు. ఉపాధ్యాయుడు రెండు రాత్రులు ఈ మాట వద్దనే నిలిచిపోయారు. 1928లో సబర్మతి ఆశ్రమంలో వేదనపడుతున్న దూడకు గాంధీజీ మరణమిప్పించిన వృత్తాంతం కూడ ఆయనకు స్ఫురించినది. అయితే ఆ దూడకు ఉపశమనమార్గం లేకపోయినది. ఈ శునకమో, పెరుగన్నం గిన్నె చప్పుడుకే తోక ఊపుతుంది! తన ప్రయాణసౌకర్యానికి తాను కరుణ అని పేరుపెట్టబోయిన సంగతి గ్రహించి ఆయన సిగ్గుపడ్డారు.

తీర్పు మాత్రం ఆమెదే. "నేను వెళ్ళివస్తానండీ. పురిటికి కావలసినది నేను. మీరిక్కడ ఉండండి, మాత్ర మరువకండి."

కూనను తెచ్చిననాడు విసుక్కొన్నది ఆయనే. అన్నం వార్చడం ఆయనకు ఎన్నడూ రాదు. ఇప్పుడు నేర్చుకొంటున్నారు. మూర్ఛ వచ్చిన ప్రతి తిథికి పంచాంగపు అంచున ఒక చుక్క పెడుతున్నారు. కార్తీకంలో నాలుగు, మార్గశిరంలో రెండు. చుక్కలు పెరిగి, తిండి మానివేసిననాడు వైద్యుని పిలవాలని దంపతులు ముందే అనుకొన్నారు. అంతవరకు, తింటూ ఉండగా ఆ కాలు ఎగిరి గిన్నె తన్నుతుంది. చిందిన పెరుగు తుడిచి ఆయన మరల వడ్డిస్తారు.