పిడికెడు బియ్యం

2024 డిసెంబర్ 1, ఆదివారం

ఆగమన కాలం మొదలైంది. తెల్లవారి ఏడింటికి ఒక ఊళ్లో బల్ల ఆరాధన, పదిన్నరకు మున్నేటి ఒడ్డు ఊళ్లో, సాయంత్రం మరో ఊళ్లో. మా పాస్టరేటులో తొమ్మిది సంఘాలు. గురువును నేనొక్కణ్ణే. మిగిలిన ఆరు చోట్లా ఉపదేశులే ప్రార్థన పుస్తకం తెరిచి ఆరాధన నడిపారు.

మున్నేటి ఒడ్డు గుడిలో సెప్టెంబరు వరద గీత గోడ మీద ఇంకా పోలేదు. నడుము లోతు. సెప్టెంబర్ 1న వచ్చిన ఆ నీళ్లలో మాదిగవాడలోనూ మాలవాడలోనూ గోడ కూలని ఇల్లు లేదు. గుడి గంట కొట్టే అవ్వ ఇంటికి వెనక గోడ పోయింది. అక్కడ ఇప్పటికీ టార్పాలిన్ పట్టానే. మనవరాలూ తనూ. ఆసరా పింఛన్ తప్ప వేరే ఆధారం లేదు.

కానుకలప్పుడు అవ్వ ఎప్పటిలాగే తన బియ్యం కుండ పట్టుకొని వచ్చింది. నాకు మనసొప్పలేదు. "ఈ ఏడు నువ్వు తేవద్దులే అవ్వా, నీకే చాలవు" అన్నాను. ఏమీ అనలేదు. కుండ చంకన పెట్టుకొని వెనక్కి వెళ్లి కూర్చుంది. మంచి పని చేశాననే అనుకున్నాను.

డిసెంబర్ 4, బుధవారం

పొద్దున ఏడున్నర కావస్తుండగా భూమి కదిలింది. వంటింట్లో గిన్నెలు గలగలలాడాయి. ములుగు దగ్గర కేంద్రమట, 5.3 తీవ్రత అని టీవీలో చెప్పారు. మున్నేటి ఒడ్డు నుంచి ఉపదేశి ఫోన్ చేశాడు: జనం ఇళ్లలోకి పోవడానికి భయపడి గుడి ముందు చేరారు, ప్రార్థన చేద్దామంటున్నారు, గంట మోగలేదు.

మోటారు సైకిల్ మీద వెళ్లాను. కీర్తన చదివాం, మోకరించి ప్రార్థించాం. అవ్వ రాలేదు. గంట తాడు కొక్కేనికి చుట్టినట్టే ఉంది. వరద నాడు కూడా నీళ్లలో నిలబడి గంట కొట్టి వాడను లేపిన మనిషి.

మనవరాలిని అడిగాను. తల వంచుకొని చెప్పింది: "అయ్యగారు నన్ను సంఘంలకెల్లి తీసేసిండు అంటంది."

డిసెంబర్ 5, గురువారం

నిద్ర పట్టలేదు. నేనన్నదేమిటి, ఆమె విన్నదేమిటి?

పిడికెడు బియ్యం ఎలా నడుస్తుందో నాకు తెలియక కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కడగబోయే ముందు ఒక పిడికిలి తీసి వేరే కుండలో వేస్తారు. పూటకో పిడికిలి. ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. అన్నీ కలిపి వేలం వేస్తే వచ్చిన డబ్బు సంఘం ఖాతాకు పోతుంది. చేతిలో రూపాయి ఆడని కూలి కుటుంబాలు కూడా దేవునికి ఇవ్వగలిగిన పద్ధతి ఇది. మగవాడి జేబుతో పని లేదు. ఇచ్చేది ఆ ఇంటి ఆడమనిషి, తన చేత్తో.

అజరయ్య బిషప్ గారు ఈ డోర్నకల్ నేల మీద అందరికన్నా గట్టిగా నేర్పింది ఇదే. కానుకల గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. పేదవాడని ఎవరినీ ఆ బాధ్యత నుంచి తప్పించలేదు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ ఇచ్చేవాడే, ప్రతి మనిషీ సాక్షే అన్నది ఆయన పాఠం.

ఆయన్ని ఇక్కడికి పంపిందెవరు? 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత మిషనరీ సంఘం పెట్టుకున్నారు. మన డబ్బు, మన మనుషులు, మన నిర్వహణ అని. 1909లో అజరయ్య గారు డోర్నకల్ వచ్చింది వాళ్ల మిషనరీగానే. ఆయన తమిళుడు. మన కోసం తెలుగు నేర్చుకున్నారు. తిరునల్వేలి జిల్లాలో ఎవరో ఒక అవ్వతో ఎవరో ఒక గురువు "నీకే చాలవు, తేవద్దులే" అని ఉంటే? మా పాస్టరేటు ఉండేదా?

డిసెంబర్ 8, ఆదివారం

కన్ఫర్మేషన్ తరగతి. పదకొండు మంది పిల్లలు. పదో తరగతి చదివే కుర్రాడు లేచి అడిగాడు: "కృప ఉచితమంటరు గదా అయ్యగారూ, మల్ల కానుక ఎందుకు?"

ఈ వారం రోజులుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న వాడి నోట వచ్చింది. ఆంగ్లికన్ సంఘం 1571లో స్థిరపరచుకున్న 39 మతసూత్రాల్లో పదకొండోదీ పన్నెండోదీ పిల్లలకు విప్పి చెప్పాను. పదకొండోది: మనం దేవుని యెదుట నీతిమంతులమని ఎంచబడేది క్రీస్తు పుణ్యం వల్ల, విశ్వాసం ద్వారా. మన క్రియల వల్ల ఏమాత్రం కాదు. పన్నెండోది: ఆ విశ్వాసానికి మంచి క్రియలు కాయల్లాగా కాస్తాయి. అవి పాపాన్ని కడగలేవు, అయినా దేవునికి ఇష్టమైనవి. వరస ముఖ్యం. ముందు పుచ్చుకోవడం, ఆ తర్వాత ఇవ్వడం. అందుకే బల్ల దగ్గరికి మోతుబరి అయినా కూలివాడైనా ఖాళీ చేతులు చాచే వస్తాడు.

"చెట్టుకు నీళ్లు పోసేది నువ్వు. కాయ కాయొద్దు అని చెట్టుతో అంటావా?" అన్నాను. వాడు నవ్వాడు. ఆ మాట నాకే తగిలింది. అవ్వతో నేనన్నది అదే.

డిసెంబర్ 12, గురువారం

అవ్వ ఇంటికి వెళ్లాను. పొయ్యి ముందు కూర్చొని ఉంది. మంచం చూపించింది గానీ మాట్లాడలేదు.

"తప్పు నాది అవ్వా. క్షమించు" అన్నాను.

చాలాసేపటికి అంది: "నాకు చాలయో చాలవో నాకెరుక. మీరు నా గోడ చూసిన్రు, కుండ చూడలే."

తర్వాత వాళ్లమ్మ సంగతి చెప్పింది. వాళ్లమ్మకు అక్షరం రాదు. పరలోక ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు కంఠతా నేర్చుకున్నాకే బాప్తిస్మం ఇచ్చారట. ఆ రోజు నెత్తిన చెయ్యి పెట్టుకొని, సువార్త చెప్పకుండా ఉండనని మాటిచ్చిందట. అజరయ్య గారి మేత్రాసనంలో కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత అలా పౌలు మాటను చెప్పించేవారని నేను పుస్తకాల్లో చదివాను. ఆ చెయ్యి పెట్టుకున్న మనిషి కూతురు నా ఎదురుగా కూర్చొని చెబుతుంటే వినడం వేరు.

"మా అమ్మ వెట్టికి పోయేది. దొర ఇంట్ల మేం పుచ్చుకునేటోళ్లమే. పాత బట్ట, చద్దన్నం, ఏదేస్తే అది. గుడిల ఒక్కతాననే మేం ఇచ్చేటోళ్లం. అది గూడ వద్దంటే మేమేడ ఉండాలె?"

జవాబు లేదు నా దగ్గర. ఆమె బియ్యం చేటలోకి తీసింది. ఒక పిడికిలి పక్కన పెట్టింది. ఆ కుండ నా చేతికిచ్చి, "మీరే మోసుకపోండి" అంది. వాడలో అందరూ చూస్తుండగా గుడి దాకా మోసుకుపోయాను.

డిసెంబర్ 18, బుధవారం

పాస్టరేట్ కమిటీ కూర్చుంది. పట్టణంలో స్థిరపడిన మన సంఘస్థులొకరు మున్నేటి ఒడ్డు గుడికి క్రిస్మస్ లోపు కుర్చీలు ఇస్తామన్నారు. వరదలో చాపలన్నీ పోయాయి కనుక అవసరమే. ముందు రెండు వరసల కుర్చీల మీద తమ వాళ్ల పేర్లు ఉండాలని, ఆ వరసలు తమ కుటుంబానికే ఉంచాలని కోరారు. సగం మంది సరేనన్నారు.

నేను చార్లెస్ సిమియన్ సంగతి చెప్పాను. 1782లో ఆయన కేంబ్రిడ్జ్‌లో హోలీ ట్రినిటీ గుడికి గురువుగా వచ్చాడు. ఆయన సువార్త బోధ అక్కడి పెద్దలకు నచ్చలేదు. ఆ రోజుల్లో గుడిలో కూర్చునే బల్లలకు తలుపులూ తాళాలూ ఉండేవి, ఒక్కో బల్ల ఒక్కో కుటుంబానిది. వాళ్లు తాళాలు వేసుకొని ఆరాధన మానేశారు. వినడానికి వచ్చిన మామూలు జనానికి కూర్చునే చోటు లేక, ఆయన సొంత డబ్బుతో నడవల్లో బెంచీలు వేయించాడు. సంఘ పెద్దలు వాటిని బయట పారేశారు. జనం పదేళ్లకు పైగా నిలబడే విన్నారు. ఆయన కదల్లేదు. 1836లో కన్ను మూసేదాకా 54 ఏళ్లు అక్కడే.

ఆయనకూ మనకూ ఏం సంబంధమని ఒక పెద్దాయన అడిగారు. ఉంది. 1799లో చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎమ్.ఎస్.) అనే మిషన్ పెట్టిన సువార్త గురువుల్లో సిమియన్ ఒకరు. ఆ మిషన్ 1841లో రాబర్ట్ నోబుల్‌ని, హెన్రీ ఫాక్స్‌ని మచిలీపట్నం పంపింది. నోబుల్ కేంబ్రిడ్జ్‌లో చదువుకున్నవాడే. తెలుగునాట ఆంగ్లికన్ సువార్త పని అక్కడ మొదలైంది. గుడిలో తాళం వేసిన చోటు ఉండకూడదని పోరాడిన మనిషి నాటిన చెట్టు నీడలోనే కూర్చున్నాం. కుర్చీకి పేరు రాస్తే అదీ తాళమే.

కమిటీ తీర్మానించింది: కుర్చీలు తీసుకుంటాం, పేర్లు వద్దు, వరసలు వద్దు. దాతకు నేనే ఫోన్ చేశాను. కోపగించుకోలేదు. "మా నాయన కూడా అట్లనే అనేవాడు అయ్యగారూ" అన్నారు.

డిసెంబర్ 25, బుధవారం

తెల్లవారుజామున నాలుగున్నరకు అవ్వ గంట కొట్టింది. మూడు ఊళ్లలో క్రిస్మస్ ఆరాధన. మున్నేటి ఒడ్డున కొత్త కుర్చీలు ఎవరు ముందొస్తే వాళ్లకే. అవ్వ మాత్రం ఎప్పటిలాగే కింద కూర్చుంది, మోకరించడం తేలికని.

కుండల బియ్యం వేలం వేశాం. ఈ డబ్బుతో ఏటి అవతలి తండాకు వారానికి రెండుసార్లు వెళ్లి వస్తున్న ఉపదేశి దారి ఖర్చు గడుస్తుంది. అక్కడ గుడి లేదు. చెట్టు కింద ఆరు కుటుంబాలు వాక్యం వింటున్నాయి.

డిసెంబర్ 29, ఆదివారం

1912లో ఈ తేదీనే కలకత్తా సెయింట్ పాల్స్ కతీడ్రల్‌లో అజరయ్య గారికి బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్. వయసు 38. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ పట్టుబట్టి నిలబడకపోతే జరిగేది కాదు. ఒక నల్ల మనిషి కింద తెల్ల మిషనరీలు ఎలా పనిచేస్తారని అడ్డుపడినవాళ్లున్నారు.

అంతకు రెండేళ్ల ముందు, 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడారు. మిషనరీలు చేసిన త్యాగాన్ని ఒప్పుకున్నారు. ఆస్తిని, దేహాన్ని ధారపోశారని మెచ్చుకున్నారు. ఇక మాకు స్నేహం కూడా ఇవ్వండని అడిగారు. చాలామందికి అది రుచించలేదు.

ఈ ఉదయం ప్రసంగం దాని మీదే చేశాను. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటే స్నేహం కుదరదు. ఎదుటివాడి చేతిలోంచి పుచ్చుకోవడం తెలిసినవాడే స్నేహితుడు. 114 ఏళ్ల కిందట ఆ సభలో ఆయన ఎత్తిచూపిన దొరల తప్పునే నేను, వెట్టి చేసిన ఇంట పుట్టిన గురువును, నా సొంత సంఘంలో చేశానని బల్ల ముందు నిలబడి చెప్పాను. చెప్పాక గుండె తేలికైంది.

2025 జనవరి 1, బుధవారం

అర్ధరాత్రి ఆరాధన. అజరయ్య గారు 1945లో ఇదే రోజున వెళ్లిపోయారు. సరిగ్గా 80 ఏళ్లు. సంఘాలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నాటి నుంచి పాటుపడిన మనిషి. 1947 సెప్టెంబర్ 27న మద్రాసు సెయింట్ జార్జ్ కతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం పుట్టేనాటికి ఆయన లేరు. విత్తినవాడు కోయకపోవడం సువార్త పనిలో మామూలే. ఫాక్స్ వచ్చిన ఏడేళ్లకే 1848లో పోయాడు. నోబుల్ 1865లో మచిలీపట్నంలోనే ప్రాణం విడిచాడు.

జనవరి 6, సోమవారం

ఎపిఫనీ పండుగ. కన్ఫర్మేషన్ పిల్లల్నీ అవ్వనీ తీసుకొని రైల్లో డోర్నకల్ వెళ్లాను. జంక్షన్‌లో దిగి నడిచాం. ఎపిఫనీ కతీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది 1939లో, ఈ తేదీనే. డబ్బు చాలక కట్టడం ఏళ్ల తరబడి సాగింది. మండపంలో ఉన్నట్టు రాతి స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు, వాటి మధ్య సిలువ. ఎలాంటి కట్టడాలకు అలవాటుపడినవాళ్లకైనా పరాయి ఇంటికి వచ్చామనిపించకూడదని కట్టించిన గుడి.

అవ్వ ఇంతకు ముందు ఎప్పుడూ రాలేదట. స్తంభం మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది. తర్వాత ఆవరణలో అజరయ్య గారి సమాధి చూపించాను. ముగ్గురు మిషనరీల పేర్లు చెప్పమంటే తడబడే పిల్లలు ఆమె చెప్పిన వాళ్లమ్మ కథ మాత్రం కదలకుండా విన్నారు. ఆ పదో తరగతి కుర్రాడు ఎవరూ చెప్పకుండానే నెత్తిన చెయ్యి పెట్టుకొని చూశాడు.

సాయంత్రం ఇంటికొచ్చి కానుకల పుస్తకం తీశాను. డిసెంబర్ 1న అవ్వ పేరు పక్కన నేను గీసిన అడ్డగీత అక్కడే ఉంది. దాన్ని చెరపలేదు, నాకు గుర్తుండాలని. కొత్త సంవత్సరపు పేజీలో, నిన్నటి ఆదివారం తేదీ కింద, మొదటి పేరు ఆమెదే రాశాను. ఎదురుగా: మానెడు బియ్యం.