మల్చింగ్ షీటులో ఏముంది?
జంగమకోటెలో మా టమాటా తోటకు పరిచిన షీటు ఒక్క పంటకే పీలికలై మన్నులో కలిసింది. పాత ప్లాస్టిక్ కలిపారేమోనని అనుమానం. పాలిథీన్‌లో పాలీప్రొపిలీన్ కలిస్తే రెండూ పొసగవు, షీటు పెళుసవుతుంది.

కనుక్కునేదెట్లా? అరవంలో చదివి రైల్వేలో గుమాస్తాగా చేసిన మాకు అర్థమైనట్టు చెబుతాం. 1964లో మూర్ చూపిన పద్ధతిలో, కరిగించిన ప్లాస్టిక్‌ను సన్న రంధ్రాల గుళికల గుండా పంపుతారు. పొడుగు అణువులు ఎక్స్‌ప్రెస్‌లా ఆగకుండా ముందొస్తాయి. పొట్టివి ప్యాసింజరులా రంధ్రరంధ్రానా ఆగి వెనకొస్తాయి.

బోగీలు లెక్కపెడితే సరుకేదో తెలియదు కదా! అందుకే 160 డిగ్రీల వేడిలో గ్రాఫైట్ గుండా పంపుతారు. పాలీప్రొపిలీన్ ముందే జారిపోతుంది. పాలిథీన్ అంటుకుని, ద్రావకం మార్చాకే వదులుతుంది.

ఈ పరీక్ష ఒక్కొక్క రైతు చేయించుకునేది కాదు. అందరం కలిసి కొందాం. ముడిసరుకు కొత్తదా పాతదా అని రసీదులో రాయించుకుందాం. మన్నులో కలిసిన పీలికలను ఏరేది మన పిల్లలే.