నీరుగట్టువారిపల్లె నుంచి కుప్పం స్టేషన్ దాకా

మదనపల్లెలో టమోటా మార్కెట్టు, పట్టు మగ్గాలు రెండూ నీరుగట్టువారిపల్లెలోనే ఉన్నాయి. ఒకప్పుడు విడిగా ఉన్న పల్లె, ఇప్పుడు పట్టణంలో కలిసిపోయింది. యార్డు ముందు లారీల వరస, కాస్త లోపలికి నడిస్తే ఇళ్లలోంచి మగ్గం చప్పుడు. సర్కారు లెక్కల్లో మాత్రం ఒకటి వ్యవసాయం, ఇంకొకటి చేనేత. శాఖలు వేరు, పట్టికలు వేరు. ఆ పట్టికల మధ్య మనుషులు ఎలా బతుకుతున్నారో చూడాలని మదనపల్లె, పుంగనూరు, కుప్పం బయల్దేరాను.

యార్డులో పొద్దున్నే వేలం. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. మిగతా చోట్ల ఎండకు పూత రాలిపోయే రోజుల్లో ఇక్కడ కాయ దిగుతుంది. అందుకే వేసవి మొదలైతే ఢిల్లీ దాకా వ్యాపారుల కన్ను ఈ ఊరి మీదే ఉంటుంది. 2023 జూలై ఆఖరులో కిలో టమోటా దాదాపు 200 రూపాయలు పలికింది ఇక్కడే. కోత కూలి కూడా రాక రైతు పంటను చేలోనే వదిలేసిన ఏళ్లు కూడా ఇక్కడివే. ధర ఎలా ఉన్నా పని మాత్రం చాలామంది చేతుల మీదుగా నడుస్తుంది. నారు పెంచేవాళ్లు, కర్రలు నాటి తీగలు కట్టేవాళ్లు, కోసేవాళ్లు, ట్రేలు తోలే ఆటోవాళ్లు, మండీ గుమాస్తాలు, హమాలీలు, లారీ డ్రైవర్లు. వీళ్లందరి మధ్య నేను ఎక్కువసేపు నిలబడింది కాయలేరే ఆడవాళ్ల దగ్గర.

నేల మీద కుప్ప. చుట్టూ ట్రేలు. వాళ్లలో ఒకామె రెండు చేతులా ఒకేసారి రెండు కాయలు తీస్తుంది, బొటనవేలితో ఒక్కసారి నొక్కుతుంది, అంతే. దోరకాయ ఒక ట్రేలోకి, పండు ఇంకో ట్రేలోకి, మచ్చ పడింది పక్కకి. దూరం పోయే లారీకి దోరకాయే ఎక్కాలి. ఉత్తరాదికి చేరేసరికి అది పండాలి కానీ చితకకూడదు. ఏరేటప్పుడు కాస్త తేడా వస్తే లోడు విలువ పడిపోతుంది. ఇంత నేర్పున్న పనికి లెక్కల్లో ‘నైపుణ్యం లేని కూలి’ అని పేరు. నాకు అది అన్యాయంగా తోచింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

“ఈ పని మూడు నాలుగు నెల్లు గట్టిగా ఉంటాది సామీ. లేనప్పుడు చింతపండు కొట్టేకి పోతా. ఇంట్లో మా ఆయన మగ్గం నేస్తాడు, రాత్రిపూట కండెలు చుట్టేది నేనే. ఏం పని చేస్తావమ్మా అని అడిగితే ఏమని చెప్పేది?” అంది.

పని దిగాక ఆమెతో కలిసి ఇంటికి వెళ్లాను. ముందు గదంతా మగ్గమే. భర్త గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. పైన జకార్డు పెట్టె, దాన్నుంచి వేలాడుతున్న చిల్లుల అట్టలు. తొక్కుడుకర్ర నొక్కగానే పడుగు విడిపోతుంది, నాడె దూసుకుపోతుంది, అచ్చు వచ్చి పేకను బిగిస్తుంది. అంచు దగ్గర జరీ పోగు తెగితే చప్పుడులోనే తెలిసిపోతుందట. వానాకాలం గుంటలో చెమ్మ ఊరి పని ఆగిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లో ఇంటిని నిలబెట్టేది యార్డు కూలి. మాస్టర్ వీవర్ పట్టు, జరీ ఇస్తాడు; నేసినదానికి చీర లెక్కన కూలి. చీరలు బెంగళూరు, ధర్మవరం, కంచి వ్యాపారుల దుకాణాలకు పోతాయి.

చేనేతకు రక్షణ లేదని అనలేం. కొన్ని రకాల బట్ట మగ్గానికే దక్కాలని 1985లోనే చట్టం వచ్చింది. 2019లో వచ్చిన నేతన్న నేస్తం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది. కానీ ఆ పథకం చూపు మగ్గం మీదే ఉండేది, ఇంటి మీద కాదు. కండెలు చుట్టే మనిషికి అందులో చోటు లేదు. 2011 జనగణన పనిచేసేవాళ్లను సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలవాళ్లు, ఇతరులు అని నాలుగు గళ్లలో సర్దింది. ఆరు నెలలు పని దొరికినవాళ్లు ప్రధాన శ్రామికులు, దొరకనివాళ్లు ఉపాంత శ్రామికులు. ఏడాదంతా ఖాళీ లేని ఈ ఇల్లాలు ఏ గడిలోకి వెళ్లాలి? వార్డు సచివాలయాలు తలుచుకుంటే ప్రతి ఇంట్లో ఎవరు ఏ నెలలో ఏ పని చేస్తున్నారో రాయించడం కష్టం కాదు. అది చేతిలో ఉంటే సాయం ఏ నెలలో అందాలో తెలుస్తుంది.

టమోటా గుజ్జు ఫ్యాక్టరీ వస్తే అన్నీ తీరతాయని మదనపల్లెలో అందరూ అంటారు. 2018 కేంద్ర బడ్జెట్టులో 500 కోట్లతో ప్రకటించిన ఆపరేషన్ గ్రీన్స్ టమోటా, ఉల్లి, బంగాళాదుంపల కోసమే. చిక్కు ఎక్కడంటే, ఇక్కడ పండేది కూరకు వాడే రకం. అందులో నీరు ఎక్కువ, గుజ్జు తక్కువ. పైగా మార్కెట్లో మంచి ధర ఉన్న రోజున రైతు ఫ్యాక్టరీకి ఎందుకు పోస్తాడు? గుజ్జు రకం వేయించి, ముందే ధర కట్టి, తోతాపురి సీజన్ అయిపోయాక ఖాళీగా ఉండే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలను ఈ పంటకు తిప్పడమే నాకు దగ్గరి దారి అనిపిస్తుంది. కాయలేరే నేర్పున్న ఆడవాళ్లకు అప్పుడు యార్డులో పని తగ్గిన నెలల్లో కూడా పని ఉంటుంది.

పుంగనూరు పేరు చెబితే ఇప్పుడు అందరికీ పొట్టి ఆవే గుర్తొస్తుంది. 2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీలో తన నివాసంలో ఆ ఆవులకు మేత పెట్టిన ఫొటోలు దేశమంతా తిరిగాయి. మీటరు ఎత్తు కూడా లేని ఆ జాతిని పలమనేరు పశు పరిశోధనా కేంద్రం కాపాడుకుంటూ వస్తోంది, అది గొప్ప పని. అయితే ఈ పల్లెల్లో ఇల్లు గడిపేవి సంకరజాతి ఆవులు. పొద్దున, సాయంత్రం పాల కేంద్రం దగ్గర క్యాన్లతో ఆడవాళ్లు, వెన్న శాతం చూసే మిషను, పదిహేను రోజులకో బిల్లు. టమోటాకు ధర పడిపోయినప్పుడు పురుగుమందుల కొట్టు అప్పు తీరేది ఆ బిల్లుతోనే. పుంగనూరులో నేను మాట్లాడిన రైతులంతా వేర్వేరు మాటల్లో ఇదే చెప్పారు.

పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి దుకాణాల ముందు తెలుగు, తమిళం, కన్నడం ఒకే మాటలో కలిసి వినిపిస్తాయి. ఇక్కడ ప్రయోగాలు చాలా జరిగాయి. 1990ల్లో ఇజ్రాయెల్ పద్ధతి బిందు సేద్యం, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం, 2002లో హెచ్‌పీ కంపెనీ ఐ-కమ్యూనిటీ అనే కంప్యూటర్ ప్రాజెక్టు. చివరిదాని గురించి అడిగితే కుర్రాళ్లకు తెలియదు. డ్రిప్ పైపు మాత్రం మల్బరీ తోటల్లో, టమోటా చేలల్లో కనిపిస్తూనే ఉంది. పురుగులు మేపి తీసిన పట్టుగూళ్లు రేటు కోసం కర్ణాటక రామనగరం దాకా ప్రయాణం చేస్తాయి. గ్రానైట్ పని కూడా ఉంది. రాయి కోసేచోట దుమ్ము చూస్తే, అక్కడ పనిచేసేవాళ్ల ఊపిరితిత్తులకు ఏటా పరీక్ష చేయించే బాధ్యత ఎవరిదని అడగబుద్ధవుతుంది.

పనికోసం పొరుగు రాష్ట్రానికి పోవడం ఈ సీమకు కొత్త కాదు. కోలారు బంగారు గనులు ఇక్కడికి దగ్గరే. 2001లో అవి మూతపడ్డాయి. ఇప్పుడు జనాన్ని లాగుతున్నది బెంగళూరు. తెల్లవారకముందే కుప్పం ప్లాట్‌ఫారం మీద టిఫిన్ క్యారియర్లతో జనం. బంగారుపేట, మాలూరు, వైట్‌ఫీల్డ్, కృష్ణరాజపురం, ఎవరి స్టేషన్ వాళ్లది. వాళ్ల జీతం కర్ణాటక పరిశ్రమల లెక్కలోకి, వాళ్ల ఇల్లు ఆంధ్రా పల్లె లెక్కలోకి వెళ్తాయి.

బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసే ఒకమ్మాయి నాతో మాట్లాడింది. ఆదివారం ఇంట్లో మల్బరీ ఆకు కోస్తుందట. “పని కష్టం కాదన్నా, వచ్చేటప్పుడే కష్టం. రైలు లేటయితే మా ఊరి బస్సు దొరకదు. ఆటోకి ఇచ్చేది చూస్తే ఆ రోజు కూలిలో ఏం మిగలదు. మా పక్కింటామె ఇందుకే మానేసింది” అంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లు పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టుకు డబ్బు కట్టక్కర్లేదు. కానీ అందుకోలేని బస్సు ఉచితమైతే ఆమెకేం ఒరుగుతుంది? రైలు వేళలు, బస్సు వేళలు కట్టేవాళ్లు ఒకచోట కూర్చుని, రాత్రి రైలు వచ్చేదాకా పల్లెలకు పోయే ఆఖరు బస్సును స్టేషన్ బయట ఆపాలి. కుప్పంలో ఉద్యోగాల గురించి మాట్లాడేవాళ్లు ముందు ఆ పని చేయించాలి.