బండి నడుస్తుందా, అయ్యగారూ?



ఈ వారం మా ఇంటి సంగతి ఒకటి మీతో పంచుకోవాలని ఆశపడుతున్నాం. మీలో చాలామంది మా ఇంటికి వచ్చినవారే. ముందుగదిలో రెండు గాజు బీరువాలు, వాటి నిండా కొయ్యబొమ్మలు మీరు చూసే ఉంటారు. 2019 క్రిస్మస్ ముందు పాటలు నేర్చుకోవడానికి సండేస్కూలు పిల్లలు మా ఇంటికి వచ్చారు. రెండో తరగతి చదివే ఒక బాబు బీరువా దగ్గర నిలబడి, ముక్కు గాజుకి ఆనించి, ఎడ్లబండి బొమ్మను చాలాసేపు చూశాడు. చూసి చూసి, "అయ్యగారూ, ఈ బండి నడుస్తుందా?" అని అడిగాడు.

మాకు జవాబు తెలియలేదు. పన్నెండేళ్ల నుంచి ఆ బండి మా దగ్గర ఉంది. ఒక్కసారీ దాన్ని నేలమీద పెట్టి తోసి చూడలేదు. "తాకకు నాన్నా, రంగు పోతుంది" అన్నాం. వాడు వెళ్లి పాటలో కలిసిపోయాడు. గాజుమీద వాడి ముక్కు మచ్చ మిగిలింది. మేము గుడ్డ తెచ్చి తుడిచేశాం.

ఆ బండి 2007లో కొన్నాం. పెళ్లయిన మరుసటి సంవత్సరం. సెమినరీ డిప్లొమా పూర్తిచేసి, ఈ ఊళ్లో పరిచర్య మొదలుపెట్టిన కొత్త. సోమవారం మాకు విశ్రాంతి దినం. బెజవాడలో పని చూసుకుని వస్తూ కొండపల్లిలో బస్సు దిగాం. బొమ్మల కాలనీలో ప్రతి ఇంటి అరుగుమీదా ఎండకు ఆరబెట్టిన ఏనుగులు, ఎద్దులు, మనుషులు. ఒక పెద్దాయన మా చేతిలో రంగు వేయని ఎద్దును పెట్టాడు. కర్ర అని చెబితేనే తెలుస్తుంది, అంత తేలిక. అది తెల్ల పొణికి కర్ర. కాళ్లు, కొమ్ములు, తోక వేటికవి విడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అతుకుతారు. పైన సున్నం పూత పూసి, ఆరాక రంగులు వేస్తారు. ఆ ఇంట్లో ఆయన చెక్కుతున్నారు, ఆయన భార్య రంగు వేస్తున్నారు. భార్యాభర్తలు ఒకే బొమ్మ మీద పనిచేయడం చూసి మాకెంతో ముచ్చటేసింది. 120 రూపాయలు పెట్టి ఆ బండిని కొని, పాత పేపర్లో చుట్టించుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాం.

ఆ సంతోషాన్ని మేము దాచము. సంఘంలో బరువైన సంగతులు చాలా ఉంటాయి. ఒక ఇంట్లో భూస్థాపన, ఒక ఇంట్లో తాగుడు, ఒక ఇంట్లో అప్పు. రాత్రి ఇంటికి చేరి, దీపం వెలుతురులో ఆ బండిని చూస్తే మనసు తేలికపడేది. తరువాత నీళ్లు తోడే స్త్రీ వచ్చింది. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడు వచ్చాడు. రోకలితో దంచే ఆడవాళ్లు వచ్చారు. కుమ్మరి వచ్చాడు. కుమ్మరి వచ్చాక కమ్మరి లేడే అనిపించింది. కమ్మరి వచ్చాక చాకలి లేడే అనిపించింది. అరమీద ఒక ఊరు లేచింది. ఆ ఊరికి ఎప్పుడూ ఒక్క మనిషే తక్కువ.

మీటింగులకు వెళ్లినచోటా వెతికేవాళ్లం. ఎలమంచిలి వైపు వెళ్లినప్పుడు వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక చూశాం. అక్కడ అంకుడు కర్రను తిరిగే మిషనుకు బిగించి, ఉలితో నునుపు చేసి, రంగు కలిపిన లక్కను దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. గింజలు, వేళ్లు, బెరడులు, ఆకుల నుంచి తీసే రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చినవారిలో సి.వి. రాజు గారు ముఖ్యులు. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. మా ఇంటావిడ చిన్నప్పుడు ఆడుకున్నలాంటి లక్కపిడతలు అక్కడే దొరికాయి. ఆమె వాటిని చేతిలోకి తీసుకుని చిన్నపిల్ల అయిపోయింది. మరోసారి నిర్మల్ వెళ్లి, అచ్చం నిజం పండ్లలా ఉండే కొయ్య పండ్లు తెచ్చుకున్నాం. ఒక అర నిండింది, ఒక బీరువా చేయించాం. అదీ నిండింది, ఇంకొకటి చేయించాం. ఇంటికి దైవసేవకులెవరైనా వస్తే ముందు మంచినీళ్లు, తరువాత బొమ్మలు. ప్రతిదాని ఊరూ పేరూ చెప్పి చూపించేవాళ్లం. వాళ్లు ఆశ్చర్యపడుతుంటే మాకు కడుపు నిండేది.

సంఘంలో ఒక పెద్దాయనకు ఇది నచ్చలేదు. "అయ్యగారూ, దైవసేవకుని ఇంట్లో ఇన్ని బొమ్మలేమిటి? కొలువు పెట్టినట్టుంది" అన్నారు. మేము వాక్యంతోనే జవాబిచ్చాం. సొలొమోను కట్టిన మందిరంలో ఇత్తడి సముద్రాన్ని పన్నెండు ఎద్దుల రూపాలు మోశాయి కదా, మేము వీటికి మొక్కడం లేదు కదా అన్నాం. మా జవాబు తప్పు కాదు. కానీ ఆ రోజు వాదన గెలిచామన్న సంతోషంలో, ఆయన అడగని ప్రశ్నను మేమూ అడుక్కోలేదు.

ఆ ప్రశ్న 2020లో వచ్చింది. లాక్‌డౌన్‌లో మందిరం మూతపడింది. కూలిపనులు లేక విశ్వాసుల చేతుల్లో డబ్బు లేదు. మా ఇంట్లోనూ బియ్యం డబ్బా అడుగు కనబడింది. బొమ్మల్లో కొన్ని అమ్ముదామని ఆలోచించి, ఏది ఎంతకు కొన్నామో చూద్దామని ఖర్చుల పుస్తకం తీశాం. మా ఇంటావిడకు మొదటి నుంచీ ఉన్న మంచి అలవాటు అది. పాలు, కిరాణా, బస్సు, బొమ్మ, అన్నీ తేదీతో రాస్తుంది. ఒక రాత్రంతా కూర్చుని కూడాం. పదమూడేళ్లలో 312 బొమ్మలు. 1,07,640 రూపాయలు. బీరువాలకు ఇంకో 26,000.

సంఘ కానుకల్లో ఒక్క రూపాయి ముట్టలేదు. దశమభాగం తీసిపెట్టాకే కొన్నాం. క్రిస్మస్‌కు బట్టలు కొనుక్కోమని మీరిచ్చిన డబ్బుతో కొన్నవి కూడా ఉన్నాయి, అది వేరే సంగతి. ఇలా సమాధానపడుతూ పేజీలు తిప్పుతుంటే ఒకచోట చెయ్యి ఆగింది.

2018 జూన్ చివర మా పెద్దమ్మాయి బడి నుంచి టీచరుగారి మాట మోసుకొచ్చింది. వెనక బెంచీ నుంచి పాపకు బోర్డు కనబడటం లేదు, కళ్లు చూపించండి అని. వచ్చే నెల చూద్దాం అన్నాం. పుస్తకంలో జూలై 16న, "అంబారీ ఏనుగు, పెద్దది – 2,200." అక్టోబరు 9న, "పాప కళ్లద్దాలు – 1,100."

ఇద్దరం ఆ రెండు లైన్లూ చూశాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. డబ్బు లేక ఆగలేదు. మనసు అంబారీ మీద ఉంది. మూడు నెలలు మా బిడ్డ కళ్లు చికిలించుకుని, పక్క పిల్ల నోట్సు చూసి రాసుకుంది. ఆదివారం పిల్లలను ప్రేమించండని ప్రసంగించి, సోమవారం ఏనుగును కొనుక్కొచ్చాం.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా 14లో చెప్పాడు. మేము లెక్క రాశాం గానీ కూర్చుని చూడలేదు. రూపాయల లెక్క ఒకటి, ఆ రూపాయలు ఎవరి కడుపులోంచి, ఎవరి కళ్లలోంచి వచ్చాయన్న లెక్క మరొకటి. రెండోది ఏ పుస్తకంలోనూ దానంతటది కూడదు.

ఆ రాత్రి రాజైన హిజ్కియా గుర్తొచ్చాడు. 2 రాజులు 20లో, అతడు చావు దాకా వెళ్లి బతికాడు. బబులోను నుంచి మనుషులు పరామర్శకు వచ్చారు. తనను బాగుచేసిన దేవుని గురించి వాళ్లకు చెప్పాడో లేదో అక్కడ రాసి లేదు. వెండి, బంగారం, సుగంధద్రవ్యాలు, ఆయుధశాల మాత్రం ఒక్కటీ మిగలకుండా చూపించాడు. తరువాత యెషయా వచ్చి, వాళ్లు నీ ఇంట్లో ఏం చూశారని అడిగాడు. ఎంత సూటి ప్రశ్న! మా ఇంటికి వచ్చినవాళ్లు ఏం చూశారు? రెండు బీరువాలు చూశారు. చికిలించిన కళ్లతో మంచినీళ్లు తెచ్చిచ్చిన పిల్లను వాళ్లూ చూడలేదు, మేమూ చూడలేదు.

పొద్దున్నే అమ్మాయిని కూర్చోబెట్టి, పుస్తకం చూపించి, క్షమించమని అడిగాం. అది నవ్వింది. "నాన్నా, ఆ ఏనుగంటే నాకూ ఇష్టమే. కాకపోతే అప్పుడు నాకది మసగ్గా కనబడేది" అంది. అంతే. మా ఇంటావిడ వంటింట్లోకి వెళ్లిపోయింది.

బొమ్మలన్నీ తగలబెట్టేద్దామా అనిపించింది. ఆ ఆలోచన భక్తిలా కనిపించింది గానీ, అదీ గర్వమేనని ప్రార్థనలో తెలుసుకున్నాం. తప్పు పొణికి కర్రది కాదు, చెక్కినవాళ్లది కాదు. అమ్ముదామన్నా ఆ రోజుల్లో కొనేవాళ్లెవరు? చేసిన బొమ్మలే అమ్ముడుపోక కొండపల్లి కుటుంబాలు అల్లాడుతున్నాయి. ప్రభువు ఎలాగో ఆ నెలలు గడిపించాడు.

మందిరం తెరిచాక, సండేస్కూలు పిల్లలు తిరిగి వచ్చిన మొదటి ఆదివారం బీరువా తాళాలు తీసేశాం. ఆ బాబు అప్పటికి ఒక జానెడు పొడవయ్యాడు. ఎడ్లబండి వాడి చేతికిచ్చి, "నువ్వే చూసి చెప్పు" అన్నాం. వాడు నేలమీద పెట్టి తోశాడు. ఒక చక్రం తిరిగింది. రెండోది రంగు పట్టేసి బిగుసుకుపోయింది. బండి ముందుకు పోకుండా గుండ్రంగా తిరిగింది. పిల్లలంతా ఒకటే నవ్వు. పన్నెండేళ్లకు పైగా దాచుకున్న బండి మాకు అంత సంతోషం ఎప్పుడూ ఇవ్వలేదు.

ఖర్చు లేదని చెప్పము. మొదటి నెలలోనే పదకొండు విరిగాయి. గీత కార్మికుడు చెట్టు మీద నుంచి ఊడిపోయాడు. లక్కపిడతల్లో ఒక మూత ఇప్పటికీ దొరకలేదు. ప్రతిసారీ మా గుండె కలుక్కుమంటుంది, ఆ మాట నిజం. విరిగినవి సంచిలో వేసుకుని కొండపల్లి వెళితే, అక్కడి పెద్దాయన ఒక్కొక్కటీ తిప్పి చూసి, "ఇన్నేళ్లు కొన్నారు గానీ అతికించమని ఒక్కటీ తేలేదే, మీ ఇంట్లో పిల్లలు లేరేమో అనుకున్నా" అన్నారు. మక్కు పెట్టి అతికి ఇచ్చారు. అతుకు కనబడుతుంది. పిల్లలకు దానితో పనిలేదు.

ప్రియులారా, మీ ఇళ్లలోనూ బీరువాలున్నాయి. ఒకరికి కట్టని చీరలు, ఒకరికి వాడని స్టీలు సామాను, మా యువకులకు ఫోన్లు, బైకు సామాను. అవి ఉండటం పాపమని మేము చెప్పడం లేదు. అనుభవించడానికి సమస్తాన్నీ ధారాళంగా ఇచ్చేది దేవుడేనని పౌలు తిమోతికి రాశాడు. కొండపల్లిలో ఒక బొమ్మ కొంటే ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, అది కూడా మంచి పనే. మేము ఇప్పటికీ ఏడాదికి ఒకటో రెండో కొంటున్నాం. కాకపోతే కొనేముందు మా పెద్దమ్మాయిని అడుగుతాం, ఇంట్లో ఇంకేమైనా ఆగి ఉందా అని. ఆమె కళ్లద్దాలు సర్దుకుని పుస్తకం తెరుస్తుంది. రెండుసార్లు వద్దంది. రెండుసార్లూ ఆమె మాటే విన్నాం.

జెకర్యా 8లో దేవుడు యెరూషలేమును తిరిగి బాగుచేసే దినాన్ని చూపిస్తూ, ఆ పట్టణపు వీధులు ఆడుకునే మగపిల్లలతో, ఆడపిల్లలతో నిండి ఉంటాయని చెప్పాడు. బాగుపడిన పట్టణానికి దేవుడు చూపిన గుర్తుల్లో పిల్లల ఆట ఒకటి. ఆదివారం ఆరాధన ముగిశాక మా ముందుగదికి వచ్చి చూడండి. నేలంతా ఏనుగులు, ఎడ్లు, నీళ్లు తోడే స్త్రీ. కాలు పెట్టే చోటుండదు, చూసి నడవండి.

ప్రార్థన: ప్రేమగల తండ్రీ, మీరిచ్చిన సంతోషాలకు స్తోత్రం. మా సంతోషానికి వెల ఎవరు కడుతున్నారో చూసే కళ్లు మాకివ్వండి. మేము దాచుకున్న వాటిమీద మా చేతులు వదులు చేయండి. మా పిల్లలను మసకగా కాక స్పష్టంగా చూడటం నేర్పండి. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ, ఆమేన్.